మొగులమ్మ ఆనించిన చెయ్యి

పొద్దున తొమ్మిదికి నిరోషా అంగన్‌వాడి తలుపు తీస్తుంది. కిటికీలు తెరిచి, తాండూరు బండలు పరిచిన గచ్చు ఊడ్చి, చాపలు వేస్తుంది. వెనకాల ఆయా ఈశ్వరమ్మ గుడ్లు ఉడకబెడుతుంటుంది. పిల్లలు ఒక్కొక్కరే వస్తారు. ఒకడు ఏడ్చుకుంటూ, ఒకతి ముక్కు కార్చుకుంటూ, ఇంకొకడు వాళ్లమ్మ చెంగు వదలకుండా. ధారూర్ దగ్గరి ఆ చిన్న ఊళ్లో పదకొండేళ్లుగా ఆమెకు ఇదే పని. ఇంతకన్నా మంచి పని ఉంటుందని ఆమె ఎప్పుడూ అనుకోలేదు.

మార్చిలో ఒకరోజు గ్యాస్ అయిపోయింది. ఈశ్వరమ్మ వరండాలో కట్టెల పొయ్యి ముట్టించింది. నిరోషా పిల్లలను బయట నీడన కూర్చోబెట్టి పాట పాడిస్తుంటే, గాలికి ఒక నిప్పురవ్వ ఎగిరి లోపల పేర్చిన ప్లాస్టిక్ చాపల మీద పడింది. ఇద్దరూ బిందెలతో నీళ్లు పోసి ఆర్పేసరికి చాపలూ, పక్కనున్న చిన్న కుర్చీలూ కరిగి గది నడుమ దాకా పారాయి. ఎరుపు, నీలం, నలుపు కలిసి చేటంత చేటంత ముద్దలుగా బండలను కరుచుకున్నాయి.

ఎవరికీ ఏమీ కాలేదు. కానీ ఆ వాసనకూ ఆ నలుపుకూ జడిసి తల్లులు పిల్లలను పంపడం మానేశారు. పద్దెనిమిది మంది కాస్తా ఆరుగురయ్యారు.

సూపర్‌వైజర్ జ్యోతిరాణి ఫోన్ చేసింది. "వచ్చే నెల చూడనీకె వస్త నిరోషా. పదిమంది లేకుంటె మీ సెంటర్‌ని పక్క ఊరి దాంట్ల కలిపేస్తరు. నా చేతుల ఏం లేదు."

పక్క ఊళ్లో టీచర్ ముందే ఉంది, ఆయా కూడా ఉంది. ఆ సంగతి ఈశ్వరమ్మకు చెప్పడానికి నిరోషాకు నోరు రాలేదు.

ఆదివారం ఆమె భర్త కుమారస్వామి ఉలీ, సుత్తీ, యాసిడ్ సీసా పట్టుకొచ్చాడు. ఈశ్వరమ్మ గుమ్మంలోనే ఆపింది.

"జర ఆగు సారూ. తాండూర్ల మొగులమ్మ ఉన్నది గద. ఆమె చెయ్యి చల్లగుంటది."

మొగులమ్మ సంగతి ఆ చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ తెలుసు. బండల ఫ్యాక్టరీలో ఏళ్ల తరబడి తడిరాళ్లను పాలిష్ మిషన్ కిందికి తోసీ తోసీ, ఆ చలువ ఆమె కుడి అరచేతిలోకి ఎక్కి అక్కడే ఉండిపోయింది. పిల్లలకు జ్వరమొస్తే ఆమె దగ్గరికి తీసుకుపోతారు. పెళ్లిళ్లలో పెరుగు గంగాళం పక్కన కూర్చోమని పిలుస్తారు. ఇస్త్రీపెట్టెకు చీర అంటుకున్నా, బండి సైలెన్సర్‌కు కవర్ కరిగి పట్టుకున్నా ఆమే దిక్కు.

మర్నాడు పొద్దుటి ప్యాసింజర్ రైలు దిగి వచ్చిందామె. సన్నగా, పొడుగ్గా, చంకలో ఒక గుడ్డసంచి. గది చూసి, మొదట కిటికీలన్నీ తెరిపించింది.

"యాసిడ్ పోస్తె గీ రాయి పొంగుతది నాయినా, గుంటలు వడ్తది. ఉలి పెడ్తె పెచ్చులు లేస్తది," అంది కుమారస్వామితో.

"కాకబెట్టి మెత్తగ చేస్తె?"

"ఆ పొగ మన ఛాతీల చేరుతది. కరిగించి కాదు, గట్టిగ చేసి తియ్యాలె."

ప్లాస్టిక్ అంటని బండ మీద చతికిలబడి అరచెయ్యి ఒక ముద్ద మీద ఆనించింది. కాసేపటికి ముద్ద బిగుసుకుని పెళుసైంది. సంచిలోంచి చెక్క అట్లకాడ తీసి అంచు కింద మెల్లగా పోనిచ్చింది. టిక్కుమని పెచ్చు లేచింది. దాన్ని గోనెసంచిలో వేసి జరిగి కూర్చుంది. అట్లా జాన జాన జరుగుతూ మధ్యాహ్నం దాటింది. మరకలు మిగిలిన చోట నిరోషా కొబ్బరినూనె గుడ్డతో రుద్ది, సబ్బునీళ్లతో కడిగింది.

గోనె పట్టుకుని నిలబడిన ఈశ్వరమ్మ ఉన్నట్టుండి కళ్లొత్తుకుంది. "ఆ పొయ్యి పెట్టింది నేనే."

"పనిజేసే చేతులకు తప్పులు జరుగుతయి చెల్లె," అంది మొగులమ్మ, తల ఎత్తకుండా. "గోనె జర ఇటు జరుపు. ఇవి కాలబెట్టకుండ్రి, చెత్తబండికి ఇయ్యిండ్రి."

సాయంత్రం బండికి ఆమె వెళ్లిపోయింది. గచ్చు మాత్రం చల్లగానే ఉండిపోయింది. మరునాడూ, ఆ మరునాడూ అంతే. ఏప్రిల్ వచ్చి బయట రేకులు చిటపటమంటున్నా గదిలో వానాకాలపు పొద్దులా ఉండేది. ఆరుగురు పిల్లల్లో ఒకడు బండకు పొట్ట ఆనించి పడుకుని ఇంటికి రానన్నాడు. పిలవడానికొచ్చిన తల్లి తనూ కూర్చుంది. రెండో రోజు చెల్లెలి కొడుకును తెచ్చింది. పరిగి బస్సెక్కి ప్రైవేటు బడికి పోయే ఇద్దరు అది మానేసి ఇక్కడికే వచ్చారు. జడిసి మాన్పించిన తల్లులు కూడా ఒకరి వెనక ఒకరు పిల్లలను మళ్లీ పంపారు.

జ్యోతిరాణి ఎర్రటి ఎండలో వచ్చింది. చెప్పులు విడిచి లోపల కాలుపెట్టి ఒక్క నిమిషం అట్లాగే నిలబడింది. తర్వాత నిరోషా వేసిన కుర్చీ పక్కకు జరిపి కింద కూర్చుని, పడుకున్న పిల్లలను వేలితో లెక్కపెట్టింది. ఇరవై ఒక్కరు. రిజిస్టర్‌లో రాసి సంతకం చేసింది.

"ఇగ దీన్ని ఎవరు కలుపుతరు," అని గోడకు ఆనుకుంది. "నా బస్సు మూడింటికి. అప్పటిదాంక ఇక్కడ్నే ఉంట."

నిరోషా వరండాలోకి వచ్చి మొగులమ్మకు ఫోన్ చేసింది. మొగులమ్మ సంగతంతా వింది.

"చలికాలం బండల మీద గొంగళ్లు పరవాలె బిడ్డా," అంది. "పిల్లలకు సర్ది వడ్తది."