ఇన్‌స్పెక్టరుగారి సీటులో సూదులు

జీపెక్కి కూర్చున్న సరిహద్దు సుంకాల ఇన్‌స్పెక్టరు కూర్చున్నంత వేగంగానూ లేచాడు; సీటులోంచి కుట్టుమిషను సూది ఒకటి ఖాకీ ప్యాంటు దాటి ఒంట్లో దిగింది.

తొడుగు విప్పి చూస్తే స్పాంజి నిండా పరదేశపు సూదుల పొట్లాలు. ఒక్కదానిమీదా సుంకం కట్టిన ముద్ర లేదు. వీటికోసమే అతను మూడు నెలలుగా గేటు దగ్గర కోళ్ల గంపలు కూడా కుమ్మరించి వెతికాడు. అవతలి ఆఫీసులో సంతకం పెట్టి రావడానికి రోజూ సరిహద్దు దాటే తన జీపుకు మాత్రం సెల్యూటే తప్ప సోదా లేదు.

ఇవాళ దొంగ దొరక్కపోతే ఉద్యోగం ఊడుతుందని కబురంపిన కమిషనరు సరిగ్గా అప్పుడే వచ్చాడు.

"ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నేను పట్టానయ్యా."

"జీపు డ్రైవరు చేతిలో ఉంటుంది సార్" అని నసిగాడు ఇన్‌స్పెక్టరు.

"నన్ను లాగకండి సార్" అన్నాడు డ్రైవరు. "చొక్కా గుండీ ఊడితే పిన్నీసు పెట్టుకు తిరిగేవాణ్ని."

ఇన్‌స్పెక్టరు తొడుగు తిరగేశాడు. వెంట్రుకవాసి తేడా లేని కుట్టు. చివర మూడు వెనక్కుట్లు, ముడి లోపలికి. ప్యాంటు అంచు మడిచి చూసుకుంటే అక్కడా అవే మూడు కుట్లు. కుట్టింది పిల్లనిచ్చిన మామగారు, ఊళ్లో దర్జీ. అవతల టీ బాగుంటుందని రోజూ జీపెక్కే పెద్దమనిషి. చెబితే ఇంట్లో కూడు పుట్టదు, చెప్పకపోతే ఉద్యోగం దక్కదు. అతను ప్యాంటు అంచు మళ్లీ కిందికి దించుకున్నాడు.

"సరే, టోపీ, బెల్టు ఇక్కడ పెట్టు" అన్నాడు కమిషనరు.

జీపు వెనక సీట్లో ఇందాకటినుంచీ పేపరు చదువుతున్న మామగారు కళ్లజోడు సవరించుకుని దిగాడు.

"బెల్టు తియ్యకు అల్లుడూ, నడుము కాస్త వదులుగా కుట్టాను. రాసుకోండి బాబూ, ఆ సూదులు నావి. ఇక్కడి సూదులు మందం గుడ్డ తగిలితే పుటుక్కుమంటాయి. అవతలివి కొందామంటే సూది కన్నా సుంకం లావు. ఊళ్లో దర్జీలందరికీ నేనే తెచ్చిపెడుతున్నా. అల్లుడికేం తెలీదు, పాపం, వాటిమీద కూర్చోవడం తప్ప. ఇవాళ పొట్లం చినిగింది, కళ్లానక చూసుకోలేదు. జైలుకు నేనొస్తా. కానీ మొన్న మా అల్లుడు తెచ్చి కుట్టించిన మీ కోటుంది చూడండి, అదీ ఆ సూదితో కుట్టిందే. ఒక్క కుట్టయినా ఊడిందా, చెప్పండి."