పక్కపక్కన పెట్టకూడని ట్యూబులు

ల్యాబు తలుపు తీయగానే చేసే మొదటి పని ఒకే ఇంటివాళ్ల రక్తం ట్యూబులను విడదీయడం. ఒకే కుటుంబం ట్యూబులు పక్కపక్కన ఉంటే కూనిరాగాలు మొదలుపెడతాయి, మూతలు అదురుతాయి, అతికించిన లేబుళ్లు ఊడిపోతాయి. అందుకే తల్లిది ఒక మూల, తండ్రిది ఇంకో మూల, బిడ్డది కిటికీ దగ్గర. రక్తం తీసే అమ్మాయికి పెద్ద మేడం నేర్పిన మొదటి పాఠం అదే.

ఆటిజం వచ్చే అవకాశాన్ని జన్యువుల్లోని తేడాలు ఎంత పెంచుతాయో మేడం పదకొండేళ్లుగా వెతుకుతున్నారు. ఎక్కడో ఒక చిన్న తేడా దొరుకుతుంది. అమ్మాయి ఎగిరి గంతేస్తుంది. "ఆగు తల్లీ. ఇంకో వెయ్యిమందిలో చూద్దాం," అంటారు మేడం. తన మాటను తానే అంతగా అనుమానించే మనిషిని అమ్మాయి ఇంకెక్కడా చూడలేదు. అందుకే ఆవిడంటే అంత గురి.

ఆరోజు ఆరేళ్ల పాప వచ్చింది. మాటల్లేవు. చెవులు రెండు చేతులతో మూసుకుని ఉంది. వెనకే తల్లి, తండ్రి, నాయనమ్మ.

"మా వంశంలో ఇలాంటివాళ్లు లేరమ్మా," అంది నాయనమ్మ, ఇంకా కూర్చోకముందే. "ఆ ముక్క తేలితే చాలు, దీన్ని హాస్టల్లో వేసేస్తాం. ఫారం కూడా తెచ్చాను."

తల్లి నేల చూపులు చూస్తోంది. "నావల్లేనేమో," అంది. తండ్రి గోడ గడియారాన్ని చూస్తున్నాడు, అందులో ఏదో రాసున్నట్టు.

"అయితే మీరూ రక్తం ఇవ్వండి బామ్మగారూ," అంది అమ్మాయి, ఒళ్లు మండి.

"నాకేం భయమా?" నాయనమ్మ రుమాలు నాలుగు మడతలు వేసి, విప్పి, మళ్లీ నాలుగు మడతలు వేసి, అప్పుడు చెయ్యి చాచింది. "ఇలా మడవకపోతే నాకేదీ తోచదు."

మిగతా ముగ్గురి ట్యూబులూ ఎవరి చోటికి వాళ్లవి చేరాయి. కానీ విడదీయాల్సిన వాళ్ల పట్టీలో నాయనమ్మలు లేరు. అమ్మాయి ఆ ట్యూబును ఖాళీగా కనిపించిన చోట పెట్టేసింది, కిటికీ దగ్గర, పాప ట్యూబు పక్కన.

రెండూ కలిసి పాడాయి. మూడు స్వరాలు మంద్రంగా, ఒకటి పైకి, కాస్త ఆగి మళ్లీ మూడు. మూలల్లోంచి తల్లిదీ తండ్రిదీ తలో ముక్క అందుకున్నాయి. పాప చెవుల మీంచి చేతులు తీసేసింది.

"ఇది నాది," అంది నాయనమ్మ నెమ్మదిగా. "చిన్నప్పుడు గోడకానుకుని రోజంతా ఇదే పాడేదాన్ని. ఎక్కడైనా వదిలేసి వస్తామని ఇంట్లో బెదిరించారు. మానేశాను."

మేడం వచ్చి ట్యూబులు విడదీశారు. "ఈ రాగం రిపోర్టులో రాయం. ఇది రుజువు కాదు. రిపోర్టు వచ్చినా ఫలానా మనిషివల్లే అని నేను చెప్పలేను. కొన్ని తేడాలు ఇటునుంచి, కొన్ని అటునుంచి, కొన్ని పాపతోనే పుట్టి ఉండొచ్చు." తల్లి వైపు తిరిగారు. "తప్పు ఎవరిదో వెతికే పని కాదమ్మా ఇది."

తల్లి మొదటిసారి తలెత్తింది.

నాయనమ్మ సంచిలోంచి హాస్టల్ ఫారం తీసి పాప చేతిలో పెట్టింది. పాప దాన్ని నాలుగు మడతలు వేసింది. విప్పింది. మళ్లీ వేసింది.

"ఇంకో మడత పడుతుందే," అంది నాయనమ్మ, పక్కకు జరిగి చోటిస్తూ.