నల్లబడని వెండి చెంచా

నేను ఒక వెండి చెంచాను. నా మాట నమ్మకండి. నమ్మినవాళ్ళ గతి ఏమైందో చెప్తాను, వినండి.

రాజోలులో ఒక కంసాలి నన్ను సాగగొట్టి, కాడ మీద చిన్న పువ్వు చెక్కాడు. ప్రణీత్ పుట్టినప్పుడు వాళ్ళ అమ్మమ్మ వెంకటరత్నం, మనవడికి ఉగ్గు పెట్టడానికని నన్ను కొంది. ఆవిడ అంతటితో ఊరుకుంటే బాగుండేది. వానలకు గట్ల మీద పుట్టగొడుగులు మొలిస్తే తెచ్చి, కూర ఉడుకుతుండగా నన్ను అందులో ముంచి తీసేది. "వెండి నల్లబడలేదు, విషం లేదు. తినండర్రా," అనేది. ఆవిడ తెచ్చినవి మంచివి కాబట్టి ఎవరికీ ఏమీ కాలేదు. పేరు మాత్రం నాకొచ్చింది. నా బొంద! కోడిగుడ్డు తగిలినా నల్లబడతాను, ఊరికే బీరువాలో పడున్నా నల్లబడతాను. విషం సంగతి నాకేం తెలుసు? అయినా మనుషులకు నోరులేని సాక్షి మీద మహా గురి.

ప్రణీత్‌కు విశాఖపట్నంలో ఉద్యోగం వచ్చింది. పెరుగన్నం తినడానికని వాళ్ళమ్మ సుభాషిణి నన్ను కూడా పెట్టెలో సర్దింది. అద్దెగదిలో వాడికి తోడు స్నేహితుడు జోయెల్. ఒకసారి జోయెల్ కొండలు తిరిగి వస్తూ ఒక ప్లాస్టిక్ కవరు తెచ్చాడు. అందులో ఎండు పుట్టగొడుగులు. తింటే మత్తెక్కి ఎక్కడలేని రంగులూ కనిపిస్తాయట. అమ్మినవాడు ఎవడో, వాటిని ఎక్కడ ఏరాడో వీళ్ళకు తెలియదు. ఎండిపోయాక అన్నీ ఒకటే తీరు. ముడుచుకుపోయి, మట్టిరంగు తిరిగి, కాడలు విరిగి ఉన్నాయి. మత్తెక్కించేది ఏదో, మనిషిని చంపేది ఏదో వాటిని చూసి ఎవరు చెప్పగలరు?

ప్రణీత్‌కూ భయమేసింది.

"ఒరేయ్, ఇవి అవేనంటావా?"

"అవేరా బాబూ. ఫోన్లో ఫొటో చూసుకో, అచ్చం ఇలాగే లేవూ?"

"ఉండు, మా అమ్మమ్మ టెస్టు ఒకటుంది."

వాటిని నీళ్ళలో మరిగించి నన్ను ముంచారు. అయ్యబాబోయ్, నల్లబడాలని నా ప్రాణం ఎంత కొట్టుకుందో! కనీసం ఒక్క మచ్చయినా పడితే చాలనుకున్నాను. పడలేదు. ప్రణీత్ నన్ను ట్యూబులైటు కిందకు ఎత్తి, "తెల్లగా మెరిసిపోతోంది చూడు," అన్నాడు. జోయెల్ ఒక గుక్క నోట్లో పోసుకుని, చేదని ఉమ్మేశాడు. ప్రణీత్ గ్లాసు ఖాళీ చేశాడు.

రంగులేవీ కనిపించలేదు. మోసపోయామని నవ్వుకుని పడుకున్నారు. తెల్లారాక ప్రణీత్‌కు వాంతులు, విరేచనాలు మొదలయ్యాయి. జోయెల్ వాడిని ఆసుపత్రిలో చేర్పించాడు.

సుభాషిణి ఊరినుంచి పరుగున వచ్చింది. కొడుక్కి గంజి పట్టడానికని గదిలో ఉన్న నన్ను కడిగి ఆసుపత్రికి తీసుకెళ్ళింది. ఏం తిన్నారని డాక్టరు అడిగితే, పోలీసులకు జడిసి, "పానీపూరీ సార్," అన్నాడు జోయెల్. మర్నాటికి వాంతులు తగ్గాయి. ప్రణీత్ లేచి కూర్చున్నాడు. గండం గడిచిందని తల్లి దేవుడికి దండం పెట్టుకుంది. నాకు మాత్రం వాడి పెదవుల దాకా వెళ్ళిన ప్రతిసారీ వణుకే. చెప్పరా జోయెల్, ఇప్పుడైనా చెప్పరా అని మొత్తుకున్నాను. చెంచా గోల ఎవరికి వినబడుతుంది?

సాయంత్రానికి ప్రణీత్ కళ్ళు పచ్చబడ్డాయి. అవి చూసి జోయెల్ భోరుమన్నాడు.

"పానీపూరీ కాదు సార్, పుట్టగొడుగులు. ఎండువి. వెండి స్పూనుతో టెస్టు చేశాం సార్. నల్లబడలేదు."

డాక్టరు మొహం పాలిపోయింది. "ఈ మాట నిన్ననే చెప్పాల్సింది కదయ్యా! లివరు పాడవుతోంది. మిగిలినవి ఉంటే పట్రా, పరుగెత్తు. హైదరాబాదు పంపించాలి."

సుభాషిణి తన చేతిలో ఉన్న నన్ను చూసింది. తేలు కుట్టినట్టు మంచం మీదకు విసిరేసి, కొడుకును తీసుకెళ్తున్న స్ట్రెచరు వెనక పరుగెత్తింది.

"అమ్మా, ఎండి స్పూను మర్సిపోనారు!" అని ఆయా కేకేసింది. ఆవిడ వెనక్కి తిరగలేదు.

ఇప్పుడు నేను నర్సుల బల్ల సొరుగులో ఉన్నాను. చుట్టూ ఎవరివో కళ్ళజోళ్ళు, ఒక చేతిగడియారం. కొత్తగా చేరిన నర్సు, ఇవన్నీ ఎవరివని అడిగింది.

"పేషెంట్లవే," అంది ఆయా. "బాగయినోలు మల్లీ వొచ్చి అడిగి పట్టుకెల్తారు. బాగవ్వనోల తాలూకు మనుసులు ఈ గుమ్మం తొక్కరు."

అప్పటినుంచీ వార్డు తలుపు చప్పుడైతే చాలు, వచ్చింది సుభాషిణి కాదేమోనని నాకు భయం. నాకోసం ఇంకా ఎవరూ రాలేదు.