నీళ్లలో ఆగిన లిఫ్టు

మా అత్తయ్య నాకిచ్చిన పెళ్లికానుక ఏమిటంటే, మా ఆయన తాళంచెవి తన దగ్గర దాచుకోవడం.

మా ఆయన లిఫ్టు మెకానిక్. లిఫ్టు ఎక్కడ ఆగిపోయినా బయటి తలుపు తెరిచే మూడు మూలల చిన్న తాళంచెవి ఎప్పుడూ ఆయన జేబులో ఉంటుంది. మామయ్యదీ అదే పని. పెళ్లయిన కొత్తలో ఏ ఊరు వెళ్లినా మామయ్య ఎవరిదో ఒక లిఫ్టులో దూరిపోయేవారట. అత్తయ్య మెట్ల మీద కూర్చుని గోళ్లు గిల్లుకునేదట. అందుకే మేము శని, ఆదివారాలకని కాలవల ఊరికి బయలుదేరుతుంటే గుమ్మంలో నిలబడి చెయ్యి చాపింది.

"ఇలా ఇవ్వు."

"అమ్మా, అది లేకపోతే నాకు చెయ్యి విరిచేసినట్టు ఉంటుంది."

"రెండు రోజులు విరిగిన చేత్తోనే తిరుగు. ఇది నా సూదుల డబ్బాలో ఉంటుంది. ఈ పిల్లని మెట్ల మీద కూర్చోబెట్టావని తెలిసిందో, ఊరుకోను."

నేను పట్టలేక ఆవిడ బుగ్గ మీద ముద్దు పెట్టేశాను.

శనివారం గురించి చెప్పమంటే తెల్లారేదాకా చెబుతాను. ఆ ఊళ్లో వీధి ఉండాల్సిన చోటల్లా నీళ్లే. పాలు పడవలో వస్తాయి, చెత్త పడవలో పోతుంది. ఒక పడవలో బీరువా ఒకటి నిలువునా నిలబడి, పెళ్లికొడుకులా ఊరేగుతూ వెళ్లింది. మా గది కిటికీ కిందే కాలవ. నీటి మీది ఎండ పైకప్పు మీద ఈదుతుంటే, చూడాల్సిన కోటలూ మ్యూజియాలూ వదిలేసి ఇద్దరం వెల్లకిలా పడుకుని దాన్నే చూశాం. సబ్బు గవ్వ ఆకారంలో ఉంది. దాన్ని వాడటానికి నాకు మనసొప్పలేదు.

మేము దిగింది చాలా పాత ఇల్లు, అయిదంతస్తులు. మధ్యలో ఇనుప జాలీ తలుపుల లిఫ్టు, దాని చుట్టూ తిరుగుతూ మెట్లు. మా ఆయన ఆ లిఫ్టు వంక ఓరగా చూస్తుంటే పట్టుకున్నాను.

"పరాయి ఆడదాన్ని చూసినట్టు చూస్తున్నారు."

"వయసు మళ్లినా ఏం నడక," అన్నారాయన.

మెట్లెక్కుతుంటే పక్కనే లిఫ్టులో పైకి వెళుతున్న ఒక పెద్దావిడ జాలీ లోంచి మమ్మల్ని పరీక్షగా చూసింది. రిటైరైన టీచరు. పై అంతస్తులో ఎప్పటినుంచో అద్దెకుంటోంది. మోకాళ్లు అరిగిపోయి మెట్లు ఎక్కలేదు, దిగలేదు.

"కొత్త జంటా?"

"ఎలా తెలిసిందండీ?"

"ఇన్ని మెట్లుంటే ఇద్దరూ ఒకే మెట్టు మీద కాలు పెడుతున్నారు," అంటూ పైకి వెళ్లిపోయింది.

ఆదివారం పొద్దున్న కిందికి దిగేసరికి ముందు హాల్లో చీలమండల లోతు నీళ్లు. సముద్రం పోటు మీదుంది, కాలవలు పొంగాయి, మామూలేనని చెప్పాడు బస చూసుకునే గుమస్తా, తివాచీ చుట్టుకుంటూ. నాకు పండగలా ఉంది. చెప్పులు చేతిలో పట్టుకుని హాలంతా చప్పుడు చేసుకుంటూ నడిచాను. ఎవరిదో బూటు ఒకటి, యజమాని కోసం వెతుక్కుంటున్నట్టు గుమ్మం దగ్గర గుండ్రంగా తిరుగుతోంది. నీళ్లు చూడటానికి టీచరుగారు కూడా దిగింది. చూసి, "ఏటేటా ఇదే నాటకం," అని మళ్లీ లిఫ్టెక్కి తలుపులు వేసుకుంది. ఆ సంగతి వెనక గదిలోకి వెళ్లిన గుమస్తాకి తెలియదు. నీళ్లు కరెంటు పెట్టె దాకా వచ్చేస్తున్నాయని మెయిన్ ఆపేశాడు. లిఫ్టు నేల నుంచి మూరెడు లేచి ఆగిపోయింది.

మా ఆయన చెయ్యి దానంతటదే జేబులోకి వెళ్లింది. ఖాళీగా బయటికొచ్చింది.

తాళంచెవి ఉంటే కాఫీ చల్లారేలోపు అయిపోయే పని. బయటి తలుపు తెరిచి, ఆవిడ చెయ్యి పట్టుకుని దింపడమే. అది లేదు. లిఫ్టు అంతస్తుకి సరిగ్గా ఆగితే తప్ప ఆ తలుపు దానంతటది తెరుచుకోదు. పొయ్యి కెలికే కడ్డీ తెచ్చి మా ఆయన తలుపుని మెలిపెట్టారు. కడ్డీ వంగింది గానీ తలుపు కదల్లేదు. లిఫ్టు కంపెనీకి ఫోన్ చేస్తే వాళ్లు పాపం బాగానే మాట్లాడారు. మనిషి పడవలో బయలుదేరాడట, కానీ నీళ్లు ఇంత ఎత్తున ఉంటే వంతెనల కింద పడవ పట్టదట. పోటు తగ్గేదాకా రాలేడు. అగ్నిమాపకం వాళ్ల పడవా మరో వంతెన అవతలే ఉంది. పైన లిఫ్టు మెషీన్ గదికి తాళం, ఆ తాళం ఇంటి యజమాని దగ్గర, యజమాని కాలవకి ఆవల.

"పోటు ఎప్పుడు తగ్గుతుంది?" అడిగాను.

"ముందు పెరగాలి కదమ్మా," అన్నాడు గుమస్తా ఏడుపు గొంతుతో.

నా మోకాళ్ల దాకా నీళ్లొచ్చాయి. లిఫ్టు నేల మీదికీ సన్నగా పాకాయి. టీచరుగారు లోపలి మడత సీటు మీద కూర్చుని కాళ్లు ఎత్తుకోబోయింది. అవి లేవలేదు.

మా ఆయన నన్ను పక్కకి తీసుకెళ్లారు. "పైన తాళం పగలగొట్టి బ్రేకు వదులుతాను. లోపల ఒక్కరే ఉన్నారు కాబట్టి తాడు అవతలి కొసన ఉన్న బరువు దిమ్మెలు కిందికి దిగి లిఫ్టుని పైకి లాగాలి. కానీ ఇంత పాతదానికి ఏ బరువులు కట్టారో నాకు తెలియదు."

"అంటే?"

"పైకే వెళ్లాలి."

"వెళ్లకపోతే?"

ఆయన లిఫ్టు కింద ఉన్న గొయ్యి వైపు చూశారు. అది ఎప్పుడో నిండిపోయింది.

"గుసగుసలొద్దు," అంది టీచరుగారు. "పోయింది మోకాళ్లే, చెవులు కాదు. ఏం చేస్తే అది త్వరగా చెయ్యి నాయనా."

"నువ్వు ఇక్కడే ఉండు. మాట్లాడుతూ ఉండు. మాట ఆపకు," అని నాతో చెప్పి ఆయన మెట్లెక్కేశారు. తాళం పగలగొడితే యజమాని ఊరుకోడని గొణుగుతూనే, మొదటి అంతస్తు తలుపు దగ్గర నిలబడటానికి గుమస్తా కూడా వెళ్లాడు. హాల్లో నేనూ, ఆవిడా, ఆ బూటూ మిగిలాం.

ఆవిడ లోపలి జాలీ పక్కకి నెట్టింది. నేను బయటి జాలీ సందులోంచి చెయ్యి పెట్టాను. పట్టుకుంది. ఆవిడ చెయ్యి అప్పటికే చల్లగా ఉంది.

మాట్లాడమంటే ఏం మాట్లాడను? ఇంట్లో నోరు మూయమంటే మూయని నాకు ఒక్క మాటా దొరకలేదు.

"నీ పెళ్లి సంగతి చెప్పు," అంది ఆవిడే. "ఈ మెకానిక్కుని ఎక్కడ పట్టావు?"

"లిఫ్టులోనే. మా కాలేజీ లైబ్రరీ లిఫ్టు మధ్యలో ఆగిపోయింది."

"వచ్చి నిన్ను బయటికి తీశాడు, నువ్వు పడిపోయావు. ఇలాంటి కథలు వందైనా వింటాను."

"లేదు టీచరుగారూ. ఆయనా నాతోపాటు లోపలే ఇరుక్కున్నారు."

ఆవిడ నవ్వింది. నవ్వితే పళ్లు టకటక కొట్టుకున్నాయి. నీళ్లు ఆవిడ మోకాళ్లు దాటాయి, నా నడుముకి తగిలాయి. పైనుంచి ఇనుము మీద ఇనుము మోగుతోంది. ఒక దెబ్బ, ఒక తిట్టు, ఇంకో దెబ్బ. మా ఆయన తిట్టగలరని నాకు అప్పుడే తెలిసింది.

"కానీ, ఆపకు," అంది ఆవిడ.

"నేను ఏడుపు మొహం పెట్టాను. ఆయనేమో పెద్ద మొనగాడిలా జేబులోంచి తాళంచెవి తీసి..."

"తీసి?"

"లోపలి తలుపు మూయమను!" పైనుంచి ఆయన గొంతు లిఫ్టు గోతిలోంచి దిగింది. "చేతులు బయట ఉండకూడదు. వదిలేస్తున్నాను."

"టీచరుగారూ, చెయ్యి వదలండి."

ఆవిడ వదల్లేదు. వదలాలనే ఉంది, మొహంలో తెలుస్తోంది. వేళ్లు చలికి బిగుసుకుపోయాయి.

"వదిలావా?" అని పైనుంచి కేక.

"ఆగండి, ఆగండి," అన్నాను. ఆ మాట పైదాకా వెళ్లిందో లేదో. ఈ చేత్తో లాగాను, ఆ చేత్తో నెట్టాను. లిఫ్టు లేచిందంటే మా ఇద్దరి మణికట్లూ ఆ జాలీలో ఇరుక్కుంటాయి. దిగిందంటే ఆవిడ నీళ్లలో. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

"నన్ను చూడొద్దు, వేళ్ల వంక చూడు," అంది ఆవిడ, నల్లబల్ల దగ్గర చెప్పినట్టు. "చిటికెన వేలు ముందు."

చిటికెన వేలు విప్పాను. తర్వాతది. తర్వాతది. చెయ్యి జారి లోపలికి వెళ్లిపోయింది. ఆవిడ రెండు చేతులతో లోపలి జాలీ లాగి మూసుకుంది.

"వదిలాం!" అని గొంతు చించుకుని అరిచాను.

ఏమీ జరగలేదు. తర్వాత లిఫ్టు వణికింది. జానెడు కిందికి దిగింది. నీళ్లు ఒక్కసారిగా ఆవిడ నడుము దాకా వచ్చాయి. ఆవిడ కళ్లు మూసుకుంది. నేను జాలీ పట్టుకుని పైకి లాగుతున్నాను, ఇంత లిఫ్టుని నా రెండు చేతులతో. నవ్వొస్తుంది చెబితే. ఇంకేం చెయ్యాలో తెలియలేదు.

లిఫ్టు ఆగింది. ఊగింది. తర్వాత నెమ్మదిగా, నీళ్లు కారుతూ, లేవడం మొదలుపెట్టింది. ముందు ఆవిడ మొహం వెళ్లిపోయింది, తర్వాత చేతులు, తర్వాత తడిసిన చెప్పులు. చివరికి లిఫ్టు అడుగు ఒక్కటే కనిపించింది. తర్వాత నల్లటి గొయ్యి, అందులో నల్లటి నీళ్లు.

పైన ఏం జరుగుతోందో నాకు కనిపించలేదు. మాట్లాడుతూ ఉండమని నాకు నేనే చెప్పుకున్నాను, ఎవరితోనో తెలియకుండా. బూటు వచ్చి నా నడుముకి తగిలి మళ్లీ వెళ్లింది.

మొదటి అంతస్తులో తలుపు కిర్రుమంది. గుమస్తా ఏడ్చేశాడు, వినబడింది. ఆ తర్వాత ఆవిడ గొంతు, వణుకుతూ, కానీ ఖండితంగా:

"ఒసే పెళ్లికూతురా. తాళంచెవి తీసి ఏం చేశాడు?"

"మళ్లీ జేబులో పెట్టుకున్నారు టీచరుగారూ," అన్నాను. "లోపలున్నవాళ్లకి అది పనికిరాదట. బయట ఎవరో ఒకరు ఉండాలట."

"అయితే మిమ్మల్ని తీసిందెవరు?"

మామయ్య అని చెప్పాలి. ఫోన్ రాగానే భోజనం మధ్యలో లేచి వచ్చారని, తలుపు తెరిచి నన్ను చూడగానే కొడుకు వంక చూసి కనుబొమలు ఎగరేశారని చెప్పాలి. ఎంత సంతోషంగా చెప్పుకునేదాన్ని ఆ కథ. నోరు తెరిస్తే పళ్లు కొట్టుకోవడం తప్ప మాట రాలేదు.

"పైకి రా, చెబుదువుగాని. దుప్పట్లు ఇక్కడున్నాయి."

వస్తున్నాననుకున్నాను. కదల్లేదు. మా ఆయన మెట్లు దిగి, నీళ్లలోకి దిగి, చేతులనిండా తుప్పుతో, నూనెతో నా దగ్గరికి వచ్చారు. "రా, అయిపోయింది," అన్నారు. అప్పుడు చూసుకున్నాను, రెండు చేతులతో ఆ ఖాళీ జాలీని పట్టుకునే ఉన్నాను. చిటికెన వేలితో మొదలుపెట్టి నా వేళ్లు ఒక్కొక్కటీ ఆయనే విప్పాల్సి వచ్చింది.