ముప్ఫై ఒకటో సాధన

ఢిల్లీలోని జాతీయ విజ్ఞాన సహాయ మండలి 1998లో వేసిన వార్షిక నివేదికలో 'ఈ ఏటి సాధనలు' అని ఒక అధ్యాయం ఉంది. అందులో ముప్ఫై ఒకటోది అరుణకుమారి పరిశోధన. దివిసీమలో రొయ్యల చెరువుల పక్కనున్న ఊరబావి నీరు రెండేళ్లలో ఏమాత్రం ఉప్పెక్కలేదని దాని సారాంశం.

అరుణకుమారి బందరు కాలేజీలో ఇరవై ఆరేళ్లుగా రసాయనశాస్త్రం చెబుతోంది. ప్రిన్సిపాల్ కొండలరావు ఆ పేజీని నోటీసు బోర్డుకు అంటించి, అందరికీ స్వీట్లు పంచాడు. సాయంత్రానికి స్టాఫ్ రూమ్ ఖాళీ అయింది. గుడివాడలో అన్నయ్య పోయిన తరువాత ఇలాంటి కబురు చెప్పుకోవడానికి ఆమెకు మనిషంటూ లేకుండా పోయింది. అందుకే ఆదివారం ఆ పుస్తకాన్ని సంచిలో పెట్టుకుని నాగాయలంక బస్సెక్కింది.

నాగాయలంక దాటి సముద్రం వైపున్న పల్లెలో కొండమ్మ ఎండుచేపలు అమ్ముకుంటుంది. అక్కడి ఊరబావి నీటి నమూనాలు వారం వారం తీయాలి. అరుణకుమారికి వీలయ్యేది నెలకొక ఆదివారం. కాబట్టి ఖాళీ సీసాలు కొండమ్మకు అప్పగించి, ప్రతి సోమవారం ఒకటి నింపి ఉంచమంది. రెండేళ్లలో ఒక్క సీసా తప్పలేదు.

కొండమ్మ చెంగుతో చేతులు తుడుచుకుని పుస్తకం అందుకుంది.

"మన నీళ్లు బాగున్నాయని రాశారా అండీ?"

"అవును. మీ ఊరబావి నీళ్లే, కొండమ్మా."

"బావియ్యా!" కొండమ్మ పకపకా నవ్వింది. "అయ్యి గేదెకి పోస్తేనే మూతి తిప్పుకుంటది మేడంగారూ. ఢిల్లీ వెళ్లే సీసాల్లో అయ్యి పోస్తామా అండీ, మా ఊరి పరువేం గాను? మంచినీళ్ల చెరువుకెళ్లి, గుడ్డకట్టి వడబోసి మరీ నింపాను."

అరుణకుమారి పుస్తకం వెనక్కి తీసుకుంది. సీసాలు ఢిల్లీ వాళ్లవని గొప్పగా చెప్పింది తనే. ఎందుకు నింపాలో చెప్పనిదీ తనే.

"మా సర్పంచి వెంకటపతిగారు కూడా ఢిల్లీ కాగితమేదో చూపించి అనుమతి అడిగారంటండీ," అంది కొండమ్మ. "ఆ మంచినీళ్ల చెరువు గట్టునే రొయ్యలకి ఇరవై ఎకరాలు తవ్వుతారంట, వచ్చే నెల."

ఆ కాగితం ఏదో అరుణకుమారి అడగనక్కర్లేకపోయింది. బావిలో తానే చేద వేసి, నీళ్లు నాలుకకు తాకించి ఉమ్మేసింది. మర్నాడు లేబరేటరీలో పరీక్షిస్తే ఉప్పు తాగదగిన హద్దుకు ఆరింతలుంది.

ఆమె చెప్పింది విని కొండలరావు తలుపు దగ్గరగా వేశాడు. "మీరు చెప్పకపోతే ఎవరికి తెలుస్తుంది మేడమ్? వచ్చే ఏడు మళ్లీ పరీక్ష చేసి, ఇప్పుడు ఉప్పెక్కిందని రాయండి. అది ఇంకో సాధన అవుతుంది!"

"వచ్చే ఏటికి వాళ్లకు తాగే చెరువు మిగలదు, సార్."

ఆమె మండలికి రాసింది: "నమూనాలు నేను స్వయంగా తీయలేదు. తీసేవారికి వాటి ప్రయోజనం వివరించనూ లేదు. ఫలితం తప్పు. ఆ తప్పు నాది." ఉత్తరంలో కొండమ్మ పేరు ఎక్కడా రాయలేదు. నకలు ఎమ్మార్వో ఆఫీసుకు తానే తీసుకెళ్లి ఇచ్చింది.

తవ్వకం ఆగింది. మండలి పథకాన్ని రద్దుచేసి పరికరాలు తిప్పి పంపమంది. నోటీసు బోర్డు మీది పేజీని ఎవరు తీశారో తెలియలేదు. స్టాఫ్ రూమ్‌లోకి ఆమె రాగానే మాటలు తగ్గేవి.

పథకం లేకపోయినా నెలకొక ఆదివారం వెళ్లి ఆ బావినీరు తానే తీయాలని నిశ్చయించుకుంది. మొదటి ఆదివారం కొండమ్మ ఇంటి తలుపు మూసి ఉంది. లోపల పొయ్యి మండుతున్నట్టు కప్పు సందుల్లోంచి పొగ వస్తోంది. మూడుసార్లు పిలిచినా పలకలేదు.

"నీవల్లేగా మేడంగారికి మాట వచ్చిందని బస్సు దగ్గర కొండమ్మతో ఎవరో అన్నారంటండీ," అంది పక్కింటి సీతమ్మ, గొంతు తగ్గించి. "అప్పట్నుంచి మీ ముఖం చూడలేనంటోంది."

అరుణకుమారి తలుపు దగ్గరికి వెళ్లి నిలబడింది. "కొండమ్మా, తప్పు నీది కాదు. నాది."

లోపల గిన్నె చప్పుడైంది, ఆగింది. తలుపు తెరుచుకోలేదు. అరుణకుమారి బావి దగ్గరికి వెళ్లి చేద వదిలింది.