ఫొటో లేని ముఖం

మా మ్యూజియంలో మొదటి గదిలో ఏనుగులెక్కి ఈటెలు విసురుకునేవాళ్లు ఉంటారు, ఆఖరి గదిలో తుపాకులవాళ్లు. మధ్య గదుల్లో కోటలు పగలగొట్టినవాళ్లు, బురదలో ఫిరంగులు లాగినవాళ్లు. అందరి ముఖాలూ నా చేతిపనే. ముందు బంకమట్టితో తల చేస్తాను, దాని మీద అచ్చు తీసి ఫైబర్‌తో పోత పోస్తాను. ఇన్ని శతాబ్దాల సైన్యాలకు ముక్కులు, చెవులు పెట్టాక నాకు అర్థమైంది ఒక్కటే. యుద్ధాల్లో మనిషి నేర్చుకున్నదల్లా ఇంకాస్త దూరం జరిగి చంపడం. ఈ మాట పైకి అంటే మా క్యూరేటరు ఊరుకోడు. ఆయన రిటైరైన మేజరు. ముందు మీసాలు వస్తాయి, వెనకాల ఆయన వస్తాడు.

ఆఖరి గదిలో కొత్తగా ఒక కందకం పెట్టాలన్నారు. అది మా తమ్ముడు పోయిన యుద్ధం. కొండ మీద ఒకరి మీద ఒకరు కలబడి కొట్టుకున్న చోటు. మనవాళ్లు నలుగురు, శత్రువులు ఇద్దరు, అందరివీ నిలువెత్తు బొమ్మలు. మనవాళ్లలో ఒకడు మా చిన్నోడు.

ఆ సంగతి చెప్పగానే అమ్మ చేతిలో గరిటె పక్కన పెట్టేసింది.

"అయితే వాణ్ని చూడొచ్చా?"

చిన్నోడు ఇంటికి పెట్టెలో వచ్చాడు. పెట్టెకు సీలు వేసి ఉంది. తెరవొద్దని కూడా వచ్చిన ఆఫీసరు బతిమాలాడు. అమ్మ ఆ చెక్క మీద చెంప ఆనించి పడుకుంది, ఎంతమంది లేపినా లేవలేదు, ఏడవనూ లేదు. కడసారి కొడుకు ముఖం చూడలేదన్న దిగులు ఆమెను అప్పటి నుంచి తొలిచేస్తోంది. ఇప్పుడు కళ్లకు నీటికాసులు కూడా వచ్చాయి. పోయిన చూపు రాదని, మిగిలినది ఎన్నాళ్లుంటుందో చెప్పలేనని డాక్టరు చేతులెత్తేశాడు.

"ఈ కాస్తా చీకటి కాకముందే వాణ్ని ఒక్కసారి చూపించవే," అంది.

చూపిస్తానన్నాను.

మా దగ్గర ఒక పద్ధతుంది. మనవాళ్ల ముఖాలు పటాలం పంపిన ఫొటోను బట్టే చెయ్యాలి. ఒకసారెవరో వచ్చి, మా తాత చెవులు అంత పెద్దవి కావని నానా రభస చేసి వెళ్లారు. అప్పటి నుంచి మేజరు ఫొటో పక్కన పెట్టుకుని కొలిచి చూస్తే గానీ ఏ తలనూ పోతకు పంపడు.

చిన్నోడి ఫొటో ట్రైనింగు పూర్తయినప్పుడు తీసింది. గడ్డం పైకెత్తి, బుగ్గలు లోపలికి పీల్చి, పెదాలు బిగించి ఉన్నాడు. పైన గీత గీసినట్టు మీసం. వాడు జన్మలో అలా లేడు. కింది పెదవి ఎప్పుడూ కాస్త వేలాడేది. ఈగ దూరుతుందిరా, నోరు మూసుకో అని ఇంటిల్లిపాదీ ఏడిపించేవాళ్లం. అందుకని మట్టిలో ఆ పెదవిని కాస్త వదులు చేశాను. మేజరు కొలిచి తల అడ్డంగా ఊపాడు.

"ఇది ఫొటోలో లేదమ్మా."

"మా తమ్ముడు సార్. నాకు తెలీదా?"

"మీకు తెలుసు. రేపు మీరూ ఉండరు, నేనూ ఉండను. ఫొటో ఒక్కటే ఉంటుంది. చరిత్రంటే అదేనమ్మా."

నాకు ఒళ్లు మండింది. అయినా మళ్లీ కూర్చుని మట్టి పెదాలు బిగించాను.

"మరి శత్రువులకు ఫొటోలు?" అన్నాను.

"శత్రువుకు ఫొటో ఎక్కణ్నుంచి తెస్తాం? ఎవరో ఒకర్ని చేసెయ్యండి."

చేసేశాను. చిన్నోడి ముఖంతో వారాల తరబడి కుస్తీ పట్టినదాన్ని, కందకంలో వెల్లకిలా పడివుండాల్సిన శత్రు కుర్రాడి ముఖాన్ని ఒక్క మధ్యాహ్నంలో ముగించాను. కొలిచేవాడు లేడు, అడిగేవాడు లేడు. ఏదో ఆలోచిస్తూ చేతుల్ని వాటి మానాన వదిలేశాను. రంగులు వెయ్యమని దాన్ని పక్కవాళ్లకిచ్చి, చిన్నోడి బొమ్మకు యూనిఫాం తొడిగే పనిలో పడ్డాను.

గది తెరవడానికి ముందు రోజు అమ్మను తీసుకెళ్లాను. దాచుకున్న మంచి బట్టలు కట్టుకుంది. పెళ్లికా అని ఏడిపించాను.

"మాసిన బట్టలతో వెళ్తే వాడు ఊరుకుంటాడా?" అంది.

మేజరే అడ్డుగా కట్టిన తాడు విప్పి, ముట్టుకుని చూడండమ్మా అన్నాడు. నేను అమ్మ చేతులు పట్టుకుని, తుపాకీకి బాయినెట్ కత్తి బిగించి కిందికి గురిపెట్టి నిలబడ్డ చిన్నోడి బుగ్గల మీద పెట్టాను. ఆమె ముఖం దగ్గరగా పెట్టి చూసింది. ముక్కు తడిమింది, మీసం తడిమింది, మళ్లీ ముక్కు తడిమింది.

"ఇతనెవరే?"

"చిన్నోడమ్మా. మన చిన్నోడే."

"కళ్లు పోయాయి గానీ చేతులు పోలేదే నాకు," అని వెనక్కి తిరిగింది. ఫొటో ఇలాగే ఉంది, నేనేం చెయ్యనమ్మా అని వెంటపడ్డాను.

ఆ తిరగడంలో ఆమె కాలికి కింద పడివున్న శత్రు కుర్రాడి బూటు తగిలింది. అమ్మ చతికిలబడింది. బూటు నుంచి మోకాలికి, ఛాతీకి, ముఖానికి చేతులు పాకాయి. కింది పెదవి దగ్గర ఆగిపోయాయి.

"ఇదిగోనే! ఇక్కడ పడుకోబెట్టి అక్కడెక్కడో చూపిస్తావేమే? నా తండ్రీ, నోరు మూసుకుని పడుకోరా అంటే ఎప్పుడన్నా విన్నావా నువ్వు?"

నేనూ పక్కన కూలబడి, ఆ ముఖాన్ని మొదటిసారి నిజంగా చూశాను. పరాయి యూనిఫాంలో, పరాయి గుండీల వెనక చిన్నోడు నోరు తెరుచుకుని పడున్నాడు. నా చేతులకు అలవాటైన కుర్రాడు లోకంలో వాడొక్కడే మరి.

అమ్మ వాడి చెంపకు చెంప ఆనించి ఏడ్చింది. పెట్టె వచ్చిన రోజు ఏడవాల్సిన ఏడుపంతా ఏడ్చింది. మేజరు టోపీ తీసి పట్టుకున్నాడు. ఆ యూనిఫాం ఎవరిదో ఆయనకు తెలుసు, అయినా తీశాడు.

చాలాసేపటికి వాడి ఛాతీ నిమురుతూ అమ్మ చెయ్యి పైకెత్తింది. బాయినెట్ మొన తగిలింది. ఆ ఇనుము వెంట తుపాకీ గొట్టం దాకా, దాన్ని పట్టుకున్న వేళ్ల దాకా తడుముకుంటూ వెళ్లింది.

"వీడేనా?"

"ఎవరమ్మా?"

"నా కొడుకుని పొడిచినవాడు. ఇందాక నా చేత బుగ్గలు తడిమించావే, వీడేనా?"

మేజరు నా వంక చూశాడు. అమ్మ నా భుజం పట్టుకుని లేచింది. ఆ బిగించిన పెదాల ముందు నిలబడి మెటికలు విరిచింది.

"నీ చేతులు పడిపోనురా. నీ తల్లి కూడా నాలాగే..."

ఆ మాట పూర్తి కానివ్వకుండా నేను అమ్మ నోరు మూసేశాను.