ఎర్ర లంగాలో దాగిన చప్పట్లు

పెలికన్ థియేటర్ వెనక సందులో పొద్దున్నే జరిగే మొదటి పని గౌన్లు దులపడం. ముందురోజు ఆటలో వేసుకున్న గౌన్లన్నీ భుజాన వేసుకుని టాప్లిన్ పిన్ని మెట్ల మీదికి వచ్చేది. ఒక్కొక్కటే రెండు చేతులా పట్టుకుని ఝాడించేది. ముందు దుమ్ము రాలేది, తర్వాత తళుకులు రాలేవి, ఆ తర్వాత చప్పట్లు రాలేవి. కోరస్ పిల్లల గౌన్లలోంచి నాలుగైదు రాలేవి, పొయ్యిలో ఉప్పు వేస్తే చిటపటలాడినట్టు. కిజ్జీ మార్ల్ గౌను దులిపినప్పుడు మాత్రం సందు సందంతా దద్దరిల్లేది. పావురాలు గుంపుగా లేచిపోయేవి. మూల మీద నిలబడ్డ బండి గుర్రం అవన్నీ తనకే అనుకుని తల వంచేది.

"నిన్న గట్టిగానే పడ్డట్టున్నాయే!" అని చెవులు మూసుకునేవాడు పాలవాడు.

"శనివారం ఆట కదా నాయనా," అని ఇంకో దులుపు దులిపేది పిన్ని.

కిజ్జీ అంటే ఎవరనుకున్నారు? లండన్‌లో లాంబెత్ పేటలో చేపల బండి తోసేవాడి కూతురు. పదహారేళ్లప్పుడు కోరస్‌లో వెనక వరసలో, ఆ వరసలోనూ చిట్టచివర నిలబడింది. అయితేనేం, ఆ పిల్ల కాలెత్తితే చౌక టిక్కెట్ల పై గ్యాలరీ వాళ్లు చేతులు చాపి బూటు తుడవొచ్చు. ఆరేళ్లు తిరక్కుండా నాయిక అయింది. ఆమె పాలపిల్ల వేషంలో పాట ఎత్తుకుంటే వాటర్లూ వంతెన అవతల కుక్కలు మొరగడం మానేసి తోకలతో తాళం వేసేవి. నమ్మనివాడెవడైనా ఉంటే నా ఎదుటికి రమ్మనండి. పైనుంచి ఆమె మీద సున్నపు దీపం, అదే సున్నపు ముక్కని కాల్చి రప్పించే తెల్లటి వెలుగు, పోసింది నేను. లండన్‌లో నా అంతటి దీపంవాడు పుట్టలేదు, ఆమె అంతటి పాటగత్తే పుట్టలేదు.

ఎన్ని వేషాలు మార్చినా ప్రతి గౌను కిందా ఆమె ఒకటే లంగా వేసుకునేది. మొట్టమొదటి ఆటకి వాళ్లమ్మ కుట్టిచ్చిన ఎర్ర ఉన్ని లంగా అది. నాటకాలవాళ్లం మేం, మొదటి ఆటనాడు ఒంటి మీదున్న బట్టని ఉతకం, దులపం. దులిపితే అదృష్టం రాలిపోతుంది. అందుకని పదేళ్ల చప్పట్లు ఆ లంగాలోనే ఇంకిపోయాయి. పెట్టెలోంచి తీయాలంటే చంటిపిల్లని ఎత్తినట్టు ఎత్తాలి.

అటువంటి కిజ్జీని ఒక లార్డు గారి కొడుకు, సెసిల్ అని, పెళ్లి చేసుకుని తీసుకుపోయాడు. రోజూ ముందు వరసలో తెల్ల చేతిజోళ్లు తొడుక్కుని నోరు తెరుచుకుని చూసేవాడు, ఒక్కసారి చప్పట్లు కొట్టి ఎరగడు. గ్యాలరీ కొన్నాళ్లు ఏడ్చింది. ఆ తర్వాత మొదలుపెట్టింది తిట్లు.

బంగళాలో కిజ్జీ మూడేళ్లు టీ పోసింది. అత్తగారు లేడీ అగస్టా. పాపం, ఆమె కష్టం ఆమెది. భోజనాల దగ్గర ఆమె ఒక మాట ముగించి ఊపిరి తీసుకుంటే చాలు, పైగదిలో ఎర్ర లంగా ఉన్న పెట్టెలోంచి చప్పట్లు మోగేవి. ఒకనాడు బిషప్ గారు విందుకొచ్చి ప్రార్థన చేసి "ఆమెన్" అన్నారు. అంతే, పైనుంచి ఒకటే చప్పట్లు, మళ్లీ మళ్లీ కావాలన్నట్టు! ఆయన మొహమాటపడి ప్రార్థన మొదటినుంచి అందుకున్నారు. సూప్ చల్లారిపోయింది.

బిషప్ గారి బండి కదలగానే లేడీ అగస్టా కోడలి వైపు తిరిగింది. "ఆ లంగా పొయ్యిలోనైనా పడాలి, నువ్వు గడపైనా దాటాలి."

"దాటుతాను అత్తగారూ."

"వెళ్లి ఆడుకో. ఆ మూక నిన్ను తరిమికొట్టే రోజు నేనే బండి వేసుకుని వస్తాను. అప్పుడు నీ చేత్తో నువ్వే దాన్ని నిప్పుల్లో వేస్తావు. ఇంకెప్పుడూ పాట పేరెత్తవు. మాటేనా?"

"మాటే!" అంది కిజ్జీ. సెసిల్ తల్లినీ పెళ్లాన్నీ మార్చి మార్చి చూస్తూ గుమ్మంలో నిలబడిపోయాడు.

అలా తిరిగొచ్చింది మా పెలికన్‌కి. యజమాని గ్రింప్ చుట్ట నములుతూ, "కొత్త ఆట, నువ్వే నాయికవి," అన్నాడు. "కానీ విను. మొదటి ఆటలో గ్యాలరీ నచ్చలేదని ఉష్ అందంటే అక్కడికక్కడే తెర దించేస్తాను. రెండో ఆట ఉండదు."

ఆ రోజు మధ్యాహ్నానికే గ్యాలరీ తలుపు దగ్గర వరస వంతెన దాకా పాకింది. పంది కాళ్లు కొరుకుతూ, నారింజలు ఒలుస్తూ, సగం లాంబెత్ అక్కడే ఉంది. అందరికంటే ముందు నెల్ హాబ్స్, కాలువల్లో పెరిగే నీటికూర ఆకు అమ్ముకునే మనిషి. గ్యాలరీకి ఆమే జడ్జి. ఆమె మెచ్చితే అందరూ మెచ్చాలి, ఆమె ఉష్ అంటే ఆట ఆరిపోవాలి. వేషగాళ్ల తలుపు ఆ పక్కనే కాబట్టి కిజ్జీ వాళ్ల ముందునుంచే నడవాల్సొచ్చింది.

"ఏమ్మా లార్డు కోడలా! టీ చల్లారిపోయిందా?"

"టీ వేడిగానే ఉంది నెల్ అక్కా, తోడు కూర్చునేవాళ్లే లేరు."

వరసలో కొందరు నవ్వారు. నెల్ నవ్వలేదు. "చెప్పా పెట్టకుండా పోయావు కదే! మా జెమ్ మంచంలో పడి కూడా, కిజ్జీ మళ్లీ ఎప్పుడాడుతుందే అని నన్ను పీక్కుతిన్నాడు."

జెమ్ అంటే నెల్ మొగుడు. రేవులో మూట జారి కుడిచేతి వేళ్లు రెండు పోగొట్టుకున్నాడు. కోరస్‌లో చివరి పిల్లకి మొట్టమొదట చప్పట్లు కొట్టింది అతనే.

"జెమ్ బావ ఇప్పుడెలా..."

"పోయిన చలికాలంలో పోయాడు. ఇక లోపలికి పో. నీ సంగతి పైనుంచి చూస్తాం."

కిజ్జీ తల వంచుకుని లోపలికి నడిచింది. గదిలో టాప్లిన్ పిన్ని ఎర్ర లంగాని వెనక్కి దాచబోయింది. "ఇవాళ ఇది వద్దమ్మడూ. మరీ నిండిపోయి ఉంది."

"మొదటి ఆట పిన్నీ! అది లేకుండా ఏనాడైనా అడుగు పెట్టానా?"

అదే కొంప ముంచింది. తెర లేచింది. పాలపిల్ల నడిచొచ్చింది. నా దీపం ఆమె మీద పడింది, అంత వెలుగు సూర్యుడు కూడా ఎప్పుడూ వెయ్యలేదు. అయినా హాల్లో కిక్కురుమంటే ఒట్టు. పెట్టెల్లాంటి ఖరీదైన గదుల్లో ఒకదాంట్లో లేడీ అగస్టా, పక్కన సెసిల్ కూర్చున్నారు. కిజ్జీ నోరు తెరిచి మొదటి మాట పాడుతూ గిర్రున ఒక్క చుట్టు తిరిగింది. ఆ విసురుకి గౌను కిందనుంచి టపటపా చప్పట్లు జారిపడ్డాయి. పాట ఇంకా మొదటి మాట కూడా దాటలేదు!

"కిరాయి చప్పట్లు!" అని ఎవడో అరిచాడు.

"కొట్టడానికి మనుషుల్ని పెట్టుకుందిరోయ్!"

గ్యాలరీకి దీన్ని మించిన అవమానం లేదు. నారింజ తొక్కలు వానలా కురిశాయి. నెల్ లేచి నిలబడి, రైలింజను ఆవిరి వదిలినట్టు "ఉష్ష్" అంది. వెంటనే గ్యాలరీ అంతా అందుకుంది. ఫిడేళ్లు ఆగిపోయాయి. లేడీ అగస్టా నెమ్మదిగా లేచి బండి పిలవమని నౌకరుకి సైగ చేసింది. పక్కనుంచి గ్రింప్ తెర దించమని చెయ్యి ఊపాడు.

కిజ్జీ వెనక్కి వెళ్లలేదు. వేదిక ముందు దీపాల అంచు దాకా వచ్చింది. నడుం దగ్గర చెయ్యి పెట్టి, ముడి లాగి, గౌను కిందనుంచి ఆ ఎర్ర లంగాని అందరి ఎదుటా ఊడలాగింది! ముందు వరసలో ఆడవాళ్లు మూర్ఛపోయారు. పట్టుకోవాల్సిన మగవాళ్లు ఆ సంగతే మర్చిపోయారు. తెర తాడు పట్టుకున్నవాడికి చేతులు ఆడలేదు.

"నెల్ అక్కా! ఇవి కిరాయివి కాదు. మీవే! ఇవిగో, ఎవరివి వాళ్లు తీసుకోండి!"

దులిపింది.

పదేళ్లు! పదేళ్ల చప్పట్లు ఒక్కసారిగా! పైకప్పు జానెడు లేచి మళ్లీ కూర్చుంది. థేమ్స్ నది ఒడ్డు విడిచి వెనక్కి జరిగింది. ట్రఫాల్గర్ స్క్వేర్‌లో స్తంభం మీది రాతి అడ్మిరల్ మెడ తిప్పి చూశాడు, ఆనాటినుంచి ఆయన మెడ కాస్త వంకరే. చప్పట్లు గుంపులుగా గ్యాలరీ ఎక్కి, ఎవరి చేతుల్ని అవి వెతుక్కున్నాయి.

"ఇది నాదే! నా ఇత్తడి ఉంగరం చప్పుడు!"

"ఒరే, ఇది మా అమ్మది. పిండి చేతుల్తో కొట్టేది, వినరా!"

అన్నీ సద్దుమణిగాక ఆఖరున ఒకటి వచ్చింది. నెమ్మదిగా, మధ్యలో గాలి దూరినట్టు బోలుగా ఉంది. టప్పు. టప్పు. కుడిచేతికి రెండు వేళ్లు లేనివాడు కొట్టే చప్పట్లు. నెల్ పెదాలు ఇంకా ఉష్ అన్నట్టే ఉన్నాయి కానీ శబ్దం రావడం లేదు. ఆ చప్పుడు ఆమె పక్కదాకా వచ్చి, కాసేపు మోగి, ఆగిపోయింది.

"జెమ్," అంది నెల్. కూలబడింది.

కిజ్జీ చేతిలో లంగా తడిగుడ్డలా వేలాడుతోంది. అదృష్టం మొత్తం దులిపేసుకుంది మరి. పైనుంచి నెల్ గొంతు బొంగురుగా వినిపించింది.

"పాడవే. ఇప్పుడు పాడు."

పాడింది. ఫిడేళ్లు లేకుండా, చేపల బండి వెనక పాడుకున్న పిల్లలాగే పాడింది. పాట అయిపోయింది. అందరి తలలూ నెల్ వైపు తిరిగాయి.

నెల్ లేచింది. కుడిచేతి వేళ్లు రెండు లోపలికి మడుచుకుంది. కొట్టింది. టప్పు. టప్పు.

మరుక్షణం గ్యాలరీ మొత్తం రెండేసి వేళ్లు మడుచుకుని కొట్టింది! ఆ బోలు చప్పట్లు గుర్రాల దండు వంతెన దాటుతున్నట్టు ఉరికాయి. పెట్టె గదిలో సెసిల్ తెల్ల జోళ్లు పీకి కింద పారేశాడు. "కూర్చో సెసిల్!" అంది లేడీ అగస్టా. "కూర్చోను అమ్మా!" అని ఉత్త చేతులతో మొదలుపెట్టాడు. ఆ బండిలో ఆవిడ ఒక్కతే ఇంటికి వెళ్లింది.

ఆ తర్వాత కిజ్జీ పెలికన్‌లో ఎన్నేళ్లు ఏలిందో లండన్‌లో ఎవరిని అడిగినా చెబుతారు. మర్నాడు పొద్దున మాత్రం టాప్లిన్ పిన్ని ఆ ఎర్ర లంగాని మొట్టమొదటిసారి ఉతికి తాడు మీద ఆరేసింది. అది మామూలు బట్టలాగే నీళ్లు కార్చింది. తర్వాత పిన్ని పాలపిల్ల గౌను తీసి ఝాడించింది. పావురాలు లేచాయి, గుర్రం తల వంచింది.

మెట్ల కింద నీటికూర గంపతో నెల్ నిలబడి ఉంది. రాలిన చప్పట్లన్నీ అణిగేదాకా ఆగింది. చివర్లో ఒకటి, అన్నిటికంటే బోలుగా, టప్పుమంది.

"ఇది నిన్న నువ్వు కొట్టిందా, అతనిదా?" అంది పిన్ని.

"తెలియడం లేదు," అంది నెల్, గంప కిందకి దించుతూ. "ఇంకొక్కసారి దులుపు."